అబద్ధం చెప్పే నేల: దారులు గీసేవారికి ఒక బహిరంగ లేఖ

రోడ్లు, ఫుట్‌పాత్‌లు, స్టేషన్లు, ఆసుపత్రులు డిజైన్ చేసే ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు, ఆ డ్రాయింగుల మీద సంతకం పెట్టే అధికారులకు, వాటిని నేల మీద పరిచే కాంట్రాక్టర్లకు,

నమస్కారం.

నాకు చూపు లేదు. తెల్లకర్ర పట్టుకుని ఒంటరిగా తిరుగుతాను. జాలి చూపమని ఈ ఉత్తరం రాయడం లేదు. నిధులు పెంచమని అడగడానికి అంతకన్నా కాదు. మా పేరు మీద మీరు ఇప్పటికే ఖర్చు పెడుతున్నారు. కాలికి, కర్రకు తెలిసేలా ఉబ్బెత్తు గీతలు, చుక్కలు ఉన్న పసుపు పచ్చ టైల్స్ వేయిస్తున్నారు, లిఫ్టు మీటల పక్కన బ్రెయిలీ అతికిస్తున్నారు, సిగ్నళ్ళకు చప్పుడు పెట్టిస్తున్నారు. నా గొడవంతా వాటితోనే. వాటిలో చాలా మటుకు అబద్ధాలు చెబుతున్నాయి. ఏ గుర్తూ లేని నేల మీద నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తాను. గుర్తులున్న నేలను మాత్రం నమ్మి నడుస్తాను. నమ్మి నడిచేటప్పుడు తగిలే దెబ్బ ఎప్పుడూ గట్టిగానే తగులుతుంది.

మీకు అర్థమయ్యేలా ఒక చోటు చూపిస్తాను. కొత్తగా వేసిన ఫుట్‌పాత్. కాళ్ళకింద నిలువు గీతల టైల్స్ మొదలయ్యాయి. చెప్పు పలచనైతే ఆ గీతలు అరికాలికి బాగా తెలుస్తాయి, కర్ర కొన వాటి మధ్య గాడిలో జారుతూ దానంతటదే దారి పట్టుకుంటుంది. నడక వేగం పెరుగుతుంది, భుజాలు కాస్త సడలుతాయి. సరిగ్గా అప్పుడే నుదుటికి ఇనుప స్తంభం. నొప్పి తగ్గాక కూర్చుని వేళ్ళతో తడిమి చూశాను. స్తంభం చుట్టూ టైలును ఎంత శ్రద్ధగా కోశారనుకున్నారు! రెండు అర్ధ చంద్రాల్లా కోసి, ఇనుముకూ టైలుకూ మధ్య గోరు కూడా దూరనంత బిగువుగా అతికించారు. ఆ మేస్త్రి పనిలో లోపం ఎంచడానికి లేదు. డ్రాయింగులో గీత తిన్నగా ఉంది, అతను తిన్నగానే వేశాడు. ఆ గీత ఎవరి కోసమో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ టైల్స్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన 1965లో వీటిని తయారు చేశారు. 1967 మార్చిలో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గరి రోడ్డు దాటే చోట మొదటిసారి పరిచారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. వీటికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది: ఐఎస్ఓ 23599, 2012లో వచ్చి 2019లో సవరణ అయింది. ఇంత చరిత్ర ఉన్నా వీటికి వచ్చింది రెండే మాటలు. నిలువు గీతలు "ఇటు పద" అంటాయి. చుక్కలు "ఆగు, ముందు ఏదో ఉంది" అంటాయి. మూడో మాట లేదు. అందుకే ఆ రెండు మాటలూ తారుమారు కాకూడదు. మెట్ల ముందు గీతలు వేస్తే మమ్మల్ని మెట్ల మీదికి తోసినట్టు. నడిదారి పొడవునా చుక్కలు పరిస్తే అడుగడుగునా ఆగమన్నట్టు. చూడటానికి బాగుందని రెండింటినీ కలిపి ముగ్గులా పరిచిన ప్రాంగణాలు కూడా ఉన్నాయి. అలాంటి చోట వాటిని పట్టించుకోకుండా నడవడం మాకు అలవాటైపోతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇక్కడ పట్టించుకోవడం మానేసిన మనిషి, రేపు నిజంగా ఆగాల్సిన చోట కూడా ఆగకపోవచ్చు.

ఆ చుక్కల పట్టీ వెడల్పు సంగతి కూడా చూడండి. అమెరికా ప్రమాణంలో నడిచే దిశలో 610 మిల్లీమీటర్లు ఉండాలన్నారు. అది ఊరికే రాసిన అంకె కాదు. మనిషి మామూలు అంగ వేసినా ఒక పాదమైనా దాని మీద పడాలి. ఒకే వరుస టైళ్ళు వేసి సరిపెడితే నా అడుగు దాన్ని దాటిపోతుంది, కర్ర ఊపు కూడా తప్పిపోవచ్చు. అప్పుడు అది ఉన్నా లేనట్టే. మీ లెక్కల్లో మాత్రం "ఉంది" అనే పడుతుంది.

రైలు ప్లాట్‌ఫారమ్ సంగతి ఇంకా కఠినం. జపాన్‌లోని అంధులు ప్లాట్‌ఫారమ్‌ను రెయిలింగ్ లేని వంతెన అంటారు. రెండు వైపులా పట్టాలున్న ప్లాట్‌ఫారమ్ మీద చుక్కలు కాలికి తగిలితే అంచు దగ్గరికొచ్చానని తెలుస్తుంది. కానీ అంచు నాకు కుడివైపునా, ఎడమవైపునా? జనం తోసుకుంటూ ఒకసారి తిప్పేస్తే దిక్కు పోతుంది. దీనికి జపాన్‌వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. చుక్కల పట్టీకి లోపలివైపున, అంటే పట్టాలకు దూరంగా, ఒకే ఒక్క గీత కలిపారు. గీత ఏ వైపు తగిలితే అటు క్షేమం. ఒక్క గీత! దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పట్టాలు ఎటున్నాయో తెలియక నిలబడిన మనిషి గురించి ఎవరో కూర్చుని ఆలోచించి ఉంటే చాలు.

ఇంతకీ మేం ఎలా నడుస్తామో మీకు ఎవరూ నేర్పి ఉండరు. మీ సిలబస్‌లో అది ఉండదనుకుంటాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు నేర్పుతూ, అమెరికాలో రిచర్డ్ హూవర్ 1944 ప్రాంతంలో పొడవాటి కర్ర పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. ఇప్పటికీ దాన్నే నేర్పుతున్నారు. ఎడమ పాదం నేల తాకేటప్పుడు కర్ర కొన కుడివైపు తాకుతుంది, కుడి పాదం తాకేటప్పుడు ఎడమవైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే తడిమి వస్తుంది. నాకు దొరికే ముందస్తు సమాచారం ఒకటి రెండు అడుగుల దూరం మాత్రమే. గోతి ఉందని తెలిశాక ఆగడానికి నాకున్న వ్యవధి అంతే.

మిగతా పని చెవులది. గోడ పక్కన నడుస్తుంటే గోడ ఉందని వినిపిస్తుంది, సందు రాగానే ఆ చప్పుడు తెరుచుకుంటుంది. పైకప్పు కిందికి వస్తే అడుగుల శబ్దం మారుతుంది. పూర్వం దీన్ని ముఖం మీది చర్మం పసిగడుతుందని అనుకునేవాళ్ళు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసి 1944లో ప్రచురించిన ప్రయోగాలు ఆ సంగతి తేల్చాయి. వాటిలో పాల్గొన్నవాళ్ళు ముఖానికి మందపాటి ముసుగు వేసినా గోడను పసిగట్టారు, చెవులు మూస్తే గుద్దుకున్నారు. రోడ్డు దాటడం కూడా చెవిపనే. నా పక్కన నాతోపాటు సమాంతరంగా వెళ్ళే బళ్ళు ఒక్కసారిగా కదిలిన చప్పుడు వినిపిస్తే, నా దారి తెరుచుకుందని అర్థం. ఆ చప్పుడుకు భుజం సమంగా ఉంచి తిన్నగా దాటుతాను. ఇప్పుడు సిగ్నళ్ళు తీసేసి రౌండ్అబౌట్ కట్టారనుకోండి, బళ్ళ చప్పుడు ఆగదు, దిశ తెలియదు. మీ ట్రాఫిక్ లెక్కల్లో అది సాఫీ ప్రయాణం. నా చెవికి ఎక్కడా విరామం లేని రొద. గాలివాన రోజున గొడుగు మీద చినుకులు పడుతుంటే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి మాకు అంచులు కావాలి. గోడ, కెర్బ్ (ఫుట్‌పాత్ అంచున రోడ్డు కన్నా ఎత్తుగా ఉండే గట్టు), గడ్డి మొదలయ్యే గీత, ఏదైనా సరే కర్రకు ఆనుకునేది కావాలి. మీకు నచ్చే విశాలమైన నున్నటి ఖాళీ ఆవరణ మాకు ఏ ఆనవాలూ లేని చోటు. బ్రిటన్‌లో కొన్నేళ్ళు "షేర్డ్ స్పేస్" పేరుతో ఫుట్‌పాత్‌నూ రోడ్డునూ ఒకే మట్టానికి తెచ్చి కెర్బ్ తీసేశారు. డ్రైవర్లు, నడిచేవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని సర్దుకుంటారట! కళ్ళలోకి చూడలేనివాళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు. అంధుల సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడాక, 2018లో అక్కడి ప్రభుత్వమే అలా ఒకే మట్టంగా చేసే కొత్త పథకాలు ఆపమని స్థానిక సంస్థలకు సూచించింది.

చక్రాల కుర్చీవాళ్ళకూ మాకూ తగువు పెట్టడానికి ఈ మాట వాడకండి. చుక్కల టైలు మీద చక్రం కుదుపుతుంది, కీళ్ళ నొప్పులున్నవాళ్ళ కాలికి గుచ్చుకుంటుంది. అందుకే అవసరమైన చోటే వేయండి. వాళ్ళకు ర్యాంప్ కావాలి. ర్యాంప్ వచ్చాక కెర్బ్ అంచు పోతుంది, రోడ్డెక్కడ మొదలైందో నాకు తెలియదు. ఆ అంచు పోయిన చోట చుక్కలు వేస్తే ఇద్దరి పనీ అయిపోతుంది. దీనికోసం మేము కొట్లాడుకోనక్కర్లేదు, మీరు రెండూ ఒకే డ్రాయింగులో వేస్తే చాలు.

కర్ర నేలను చూస్తుంది కానీ గాలిని చూడదు. నడుము పైన ఉన్నదేదీ దానికి తగలదు. గోడకు అమర్చిన ఏసీ పెట్టె, తెరిచి ఉన్న కిటికీ రెక్క, వాలిన కొమ్మ, మెట్ల కిందిభాగం. మెట్ల కింద ఖాళీగా వదిలేస్తారు చూడండి, అది మరీ ఘోరం. కర్ర హాయిగా ముందుకు పోతుంది, తల వెళ్ళి కాంక్రీటుకు తగులుతుంది. అమెరికా ప్రమాణం దీన్ని స్పష్టంగా చెప్పింది. నేల నుంచి 27 అంగుళాలకూ 80 అంగుళాలకూ మధ్య ఎత్తులో గోడకు ఏది తగిలించినా నడిచే దారిలోకి 4 అంగుళాలు మించి పొడుచుకు రాకూడదు. 27 అంగుళాల లోపు కింద మొదలయ్యేది కర్రకు దొరుకుతుంది, 80 దాటినది తల మీదుగా పోతుంది. మధ్యలోదే ముఖం పగలగొట్టేది. మెట్ల కింద ఒక పూలకుండీల వరుస పెట్టినా, చిన్న రెయిలింగ్ వేసినా సరిపోతుంది.

తవ్వకాల దగ్గర కట్టే ప్లాస్టిక్ టేపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని కట్టినవాళ్ళు జాగ్రత్త తీసుకున్నామనే అనుకుంటారు. టేపు నడుము ఎత్తున ఉంటుంది. కర్ర దాని కిందినుంచి వెళ్ళిపోతుంది. టేపు నా పొట్టకు తగిలేసరికి ఒక కాలు గోతి అంచున ఉంటుంది, గాలికి అది జారిపోయి ఉంటే అదీ లేదు. గొయ్యి ఒక్కరోజుదే అయినా సరే, నేల దాకా ఆనే గట్టి అడ్డు పెట్టండి. పనివాళ్ళు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు దాన్ని పక్కకు నెట్టి వెళ్ళకుండా ఎవరైనా ఒకరు చూడాలి.

సిగ్నళ్ళ విషయంలో మూడు నాలుగు మాటలే. స్తంభం ఎక్కడుందో తెలియడానికి సన్నగా టిక్ టిక్‌మనే చప్పుడు ఒకటి ఉండాలి, దాటమని చెప్పేది వేరుగా ఉండాలి. ఒకే మూలన రెండు దారులు దాటాల్సి వస్తే రెండింటికీ ఒకే మోత పెట్టకండి. ఏది ఏ దారిదో తెలియక అవతలి దారి మోతకు రోడ్డులోకి దిగే ప్రమాదం ఉంది. మీట కింద కంపించే బాణం గుర్తు పెడితే వినికిడి కూడా తక్కువైనవాళ్ళకు పనికొస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేస్తే మొత్తం ఆపేయడం ఒక్కటే మార్గం కాదు, చుట్టూ రొదను బట్టి తనంతట తనే గొంతు తగ్గించుకునే పరికరాలు ఎప్పుడో వచ్చాయి. ఎలక్ట్రిక్ బళ్ళు ఎలాగూ నిశ్శబ్దంగా వస్తున్నాయి. యూరప్‌లో 2021 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి ఎలక్ట్రిక్ కారూ గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో చప్పుడు చేసి తీరాలి. ఆ వేగం దాటితే టైర్ల చప్పుడే వినిపిస్తుంది. పార్కింగ్ స్థలాలు గీసేవాళ్ళు ఆ నిశ్శబ్దాన్ని లెక్కలోకి తీసుకోండి, బండి మెల్లగా వెనక్కి వచ్చేది అక్కడే కదా.

మాలో ఎక్కువమందికి పూర్తి చీకటి కాదు. ఎంతో కొంత చూపు ఉంటుంది. ఒకరికి మధ్యలో మచ్చ, ఒకరికి గొట్టంలోంచి చూసినట్టు, మరొకరికి వెలుతురు ఎక్కువైతే అంతా తెలుపు. వాళ్ళకు రంగు తేడాయే దారి. టైల్స్ పసుపు రంగులో పెట్టింది వాళ్ళ కోసమే. భవనం అందానికి నప్పలేదని బూడిద రంగు నేల మీద బూడిద రంగు టైలే వేయిస్తున్నారు చూడండి, అది సగం మందిని తీసి పక్కన పెట్టడమే. మెట్టు అంచున ఒక ముదురు పట్టీ, గాజు తలుపు మీద కంటి ఎత్తున ఒక గుర్తు, మెరవని నేల. ఒకే రాయిలో చెక్కినట్టున్న మెట్లు ఫొటోలో బాగుంటాయి. దిగేటప్పుడు మా లో విజన్ మిత్రులకు అది వాలుగా ఉన్న నేలలాగే కనిపిస్తుంది.

లిఫ్టుల్లో మీటలు తీసేసి నున్నటి అద్దం పెడుతున్నారు. తాకితే ఏ అంతస్తు నొక్కానో తెలియదు, వేలు పెట్టి వెతికితే దారిలో ఉన్నవన్నీ నొక్కుకుపోతాయి. టోకెన్ నంబరు తెర మీద మాత్రమే చూపించే కౌంటర్లూ అంతే. ఒక మాట పైకి చెప్పిస్తే పోయేదానికి, పక్కనున్న ప్రతి ఒక్కరినీ "ఎంత నడుస్తోందండీ" అని అడగాల్సి వస్తుంది.

"ఇప్పుడు ఫోన్లో యాప్‌లు ఉన్నాయి కదా" అని నాకు జవాబు ఇవ్వబోతున్నారని తెలుసు. ఉన్నాయి, వాడతాను, చాలా మేలు చేస్తాయి. ఏ వీధిలో ఉన్నానో చెబుతాయి, ఎదురుగా ఉన్న బోర్డు చదివి పెడతాయి. కానీ జీపీఎస్ లెక్క కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది, ఎత్తైన భవనాల మధ్య ఇంకా పోతుంది. ఫుట్‌పాత్ మీద ఉన్నానా, రోడ్డు మీద ఉన్నానా అన్నది ఆ కొన్ని మీటర్ల లోపలి సంగతే. "మీరు చేరుకున్నారు" అని యాప్ అన్నాక గుమ్మం వెతుక్కోవడం మొదలవుతుంది. పైగా చెవులు ఫోన్‌కు అప్పగిస్తే బళ్ళ చప్పుడు వినేదెవరు? ఫోన్ మీద భారం వేసి నేలను గాలికి వదిలేయకండి.

ఇక నేను అడిగేది. మీలో కొందరు మా కష్టం తెలుసుకోవాలని కళ్ళకు గంతలు కట్టుకుని కాసేపు నడుస్తుంటారు. మనసు మంచిదే, కానీ దానివల్ల మీకు తెలిసేది భయం మాత్రమే, మా నడక కాదు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న చెవి, కర్ర ఆ కాసేపట్లో రావు. గంతలు విప్పేశాక మీరు గీసేది ఆ భయం నుంచే గీస్తారు, ఎక్కడ పడితే అక్కడ టైల్స్ వేయడానికి ఒక కారణం అదేనేమో అని నా అనుమానం. దానికి బదులు మమ్మల్ని పిలవండి. పూర్తిగా చూపు లేక కర్రతో నడిచేవారు ఒకరు, కాస్త చూపు ఉన్నవారు ఒకరు, వీలైతే దారి చూపడానికి శిక్షణ ఇచ్చిన గైడ్ డాగ్‌తో నడిచేవారు ఒకరు. టెండరు పిలవక ముందే పిలవండి. డ్రాయింగు మాకు కనపడదని మొహమాట పడకండి, గీతలు ఉబ్బెత్తుగా వచ్చే కాగితం మీద ప్రింట్ తీస్తే వేళ్ళతో చదువుతాం. మీ దగ్గరికొచ్చే ఏ కన్సల్టెంటుకు ఇచ్చినట్టే మాకూ ఫీజు ఇవ్వండి. టీ ఇచ్చి, శాలువా కప్పి, ఫొటో తీసుకుని పంపేస్తే ఈసారి రాను.

రెండోసారి, టైల్స్ పరిచాక పిలవండి, కాంట్రాక్టరు బిల్లు పాసయ్యే ముందు. మేం నడుస్తాం, మీరు వెనకే రండి, ముందుకొచ్చి చెయ్యి పట్టుకోవద్దు. మేం ఎక్కడ ఆగామో, ఎక్కడ తప్పామో రాసుకోండి. బాగోలేని చోట సరిచేయించండి. సరిచేయడానికి ఈ ఏడాది డబ్బు లేదంటారా, సరే, కొత్తవి వేయకపోయినా ఊరుకుంటాం. తప్పుడు చోటికి తీసుకెళ్ళే టైల్స్ మాత్రం ఆ రోజే పీకించేయండి.

ఇట్లు,
కర్రతో దారి చూసుకునే ఒక బాటసారి